పెళ్ళిపందిట్లో కడియం

సుభాషిణి పొద్దున్నే బిళ్ళ వేసుకుంది. అది కడుపులో కరగగానే చేతి కడియంలో పచ్చదీపం వెలిగింది. ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్ళందరూ ఆ కడియం తొడుక్కోవాలని చట్టం. ఒక్కరోజులో అది రెండుసార్లు ఎర్రబడితే బండి బయల్దేరుతుంది, మూడోసారి ఎర్రబడిందంటే పదిహేను రోజులు ఆసుపత్రికి పట్టుకుపోతుంది.

ఇవాళ కూతురు ప్రణవి పెళ్ళి. ముహూర్తానికి ముందు వియ్యాలవారి విందులో ఎకసెక్కాలాడటం ఆనవాయితీ. ఆ విద్యలో సుభాషిణిది అందెవేసిన నోరు!

“ఏం వదినగారూ, అల్లుడన్నారు, చూస్తే అల్లరోడు! తిన్నది ఏడు గారెలు, పోయింది పదహారు గారాలు!”

పందిరంతా గొల్లుమంది. కడియం ఎర్రబడింది. గబగబా ప్రాసలు దొర్లితే జబ్బు ముదిరినట్టేనని దానికి నేర్పారు మరి.

“మాత్ర మింగానుగా! నీకు మాత్రం నమ్మకం లేదా?” అని కడియాన్నే కసిరింది. మళ్ళీ ఎర్రబడింది.

భర్త భాస్కరం పరుగున వచ్చాడు. “ఇంకొక్కటే మిగిలింది. నీకు దణ్ణం పెడతాను, తాళి కట్టేదాకా నోరు విప్పకే!”

“ఏం వదినగారూ, ఓడిపోయినట్టేనా?” అని వియ్యపురాలు రెచ్చగొట్టింది. సుభాషిణి నోట్లో బూరె కుక్కుకుని తల దించుకుంది. గంటసేపు పలకలేదు, నవ్వలేదు.

పీటల మీద ప్రణవి తల్లి కోసం చుట్టూ చూసింది. సుభాషిణి లేవబోయింది. కడియం మూడోసారి ఎర్రబడి మెత్తగా పలికింది.

“అసాధారణ మౌనం. కుంగుబాటు లక్షణం. బండి వచ్చేసింది.”

పందిరి గుమ్మంలో, అరటిచెట్ల మధ్య తెల్లబండి ఆగి ఉంది. దిగినవాళ్ళకి ఎవరో నవ్వుతూ పన్నీరు చల్లుతున్నారు.