సంతకం పెట్టని మనిషి

ఇనుప తలుపు మీద దబదబా చప్పుడు.

"మళ్ళీ మొదలెట్టాడు" అని విసుక్కుంటూ లేచాడు కాపలావాడు.

కాగితాల్లేకుండా దేశంలో ఉన్నవాళ్ళని, పంపించేసేదాకా బంధించి ఉంచే చోటది. ముప్పై మంచాల హాల్లో అరవై మంది. ఫ్యాను ఒక్కటే.

తలుపు బాదుతున్నది చప్పుడు తాత. ఆ పేరు హాల్లో వాళ్ళు పెట్టిందే. ఆయన వచ్చి రెండు నెలలైంది. ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా తలుపు మీద పడతాడు.

"ఏంటి పెద్దాయనా? ఆ తలుపుకి నోరుంటే ఈపాటికి మనిద్దర్నీ తిట్టిపోసేది."

"వడ్రంగికి మూడు రోజులుగా జ్వరం బాబూ. ఇవాళ మాట కూడా తడబడుతోంది. డాక్టర్ని పిలు."

"చీటీ రాసి డబ్బాలో వేశారుగా? వరస వస్తే వాళ్ళే పిలుస్తారు."

"వరస వచ్చేలోపు మనిషి పోతే?"

"అతను నీకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"మరి తనకు మాలిన ధర్మం దేనికి?"

మళ్ళీ దబదబా.

ఆ పోరు పడలేక కాపలావాడు ఫోను చేశాడు. వడ్రంగిని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. ఇంకో గంట ఆగితే దక్కేవాడు కాదని సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

మర్నాడు ఆఫీసరు పెద్దాయన్ని పిలిపించాడు.

"ఏ దేశమో చెప్పవు. తిరిగి వెళ్ళిపోతానన్న కాగితం మీద సంతకమూ పెట్టవు. పెడితే వారంలో ఇంట్లో ఉంటావయ్యా!"

"ఇక్కడ కాస్త పనుందండీ."

పక్కనే నిలబడ్డ కాపలావాడికి నవ్వాగలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!

ఎండలు ముదిరాయి. ఉన్న ఒక్క ఫ్యానూ ఆగిపోయింది. బాగుచేయించమని పైకి రాసి పది రోజులైంది. ఉలుకూ పలుకూ లేదు.

ఆ మధ్యాహ్నం కాపలావాడు అన్నం తింటుండగా తలుపు మోగింది.

'ముసలాయన గోల ఎప్పుడూ ఉండేదే' అనుకున్నాడు. తినడం ముగించి, చెయ్యి కడుక్కుని వెళ్ళాడు.

తలుపు బాదుతున్నది ఆయన కాదు. మిగతా అందరూ.

పెద్దాయన గోడకి ఆనుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

పేపర్లో పడ్డ ఫోటో చూసి మూడో రోజున ఆయన కూతురొచ్చింది. కాపలావాడు ఒక చొక్కా, కళ్ళజోడు ఆమె చేతికిచ్చాడు. ఊరుకోలేకపోయాడు.

"ఆలస్యం నాదేనమ్మా. కానీ ఆ సంతకం పెట్టుంటే ఈపాటికి సొంతూళ్ళో ఉండేవారు. ఎంత చెప్పినా వినలేదు."

ఆమె కళ్ళజోడు కొంగుతో తుడిచింది.

"పోయినేడు మా ఆయన ఈ హాల్లోనే జ్వరంతో పోయారండీ. నాలుగు రోజులు పిలిచినా ఒక్కరూ రాలేదట. ఆయనకి కాగితాల్లేవు."

కాపలావాడు తల దించుకున్నాడు.

"పొరుగూరు వెళ్ళొస్తానని చెప్పి, మా నాన్న కాగితాలన్నీ బీరువాలో దాచి, పోలీసులు ఫ్యాక్టరీ దగ్గర పట్టుకున్నవాళ్ళ వరసలో తనంతట తానే వెళ్ళి నిలబడ్డారు."

సంచిలోంచి ఒక గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనేనండీ."