పళ్ల మధ్య సందు

కట్టుడుపళ్లను యంత్రాలే తయారుచేస్తున్న రోజులవి. ఎవరికైనా ఒకటే వరుస, ఒకటే తెలుపు. విశాఖలోని ఒక దంతవైద్య కళాశాలలో చేరిన తొలి సవర గిరిజన విద్యార్థిని సుజని. ఒక రోజు ఆమె కొత్త పళ్లు పెట్టగానే, సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర అవ్వ అద్దం చూసుకుని ముఖం తిప్పేసుకుంది.

"ఏటైందవ్వా, నొప్పెడతందా?" సుజని తమ భాషలోనే అడిగింది.

"నొప్పి కాదమ్మా. ముందుపళ్ల సందేదీ? మా అమ్మకుండేది, నా కూతురికీ ఉంది."

యంత్రం దాన్ని లోపమనుకుని పూడ్చేసింది. సందుతో మళ్లీ చేయిస్తానని సుజని తన ప్రొఫెసరమ్మతో అంది.

"బాగున్నవాటిని పాడుచేస్తే మార్కులు రావు," అన్నారు ప్రొఫెసరమ్మ.

"పర్లేదు మేడమ్," అంటూ సుజని, అవ్వ పక్కనున్న కూతురి పళ్ల సందు కొలిచి, మళ్లీ చేయించింది. అవి పెట్టుకున్న అవ్వ నోరారా నవ్వింది.

ప్రొఫెసరమ్మ కాసేపు ఆ తల్లీకూతుళ్లనే చూశారు. తర్వాతి రోగిని తనే కూర్చోబెట్టి, "మీ పళ్లు ఇదివరకు ఎలా ఉండేవండీ?" అని అడిగారు.