ఎండిన బావి దగ్గరి చెంబు

ఆటలో ఇచ్చిన మాట మాటేనా?

ఈ అనుమానం హరినాథ్‌ను ఏళ్ళ తరబడి వదల్లేదు. మగ్గం మీద కూర్చున్నా, మంత్రాలయంలో స్వామి ఎదుట చేతులు జోడించినా ఉన్నట్టుండి గుర్తొచ్చేది. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. ఇద్దరు పిల్లల తండ్రి కంప్యూటర్ ఆట గురించి అడిగితే నవ్వరూ?

ఆ మధ్యాహ్నం నూలు కొనడానికి మైదుకూరు వస్తే, బజారులో ఓబన్న చెప్పాడు.

"జీవమ్మక్క నెట్ సెంటర్ మూసేస్తాండాది. పాత కంప్యూటర్లన్నీ ఈ పొద్దే తూకానికి గుజిరీ అంగడికి."

హరినాథ్ నూలు సంగతి మరిచిపోయి అటే పరుగెత్తాడు.

జీవమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏమప్పా హరీ, ఇన్నేండ్లకు దారి తెలిసెనా?"

"ఎందుకక్కా మూసేస్తాండావు?"

"మా దాసన్న పోయినంక నాకు చేతకాలేదు. పోయిన ఎండాకాలం పాయె."

హరినాథ్ తల వంచుకున్నాడు. ఆమె అన్న దాసన్నను అతను ఒక్కసారి కూడా చూడలేదు. మంగంపేట గనిలో దెబ్బ తగిలి మంచాన పడ్డాడని మాత్రం తెలుసు. అప్పట్లో లోపలి గది పరదా వెనక నుంచి దగ్గు వినిపించేది. అంతే.

"అక్కా, ఒక్కసారి నల్లకోట ఆడుకోనా? చిన్న పనుండాది."

"గడ్డం నెరుస్తాండాది, ఇంకా ఆటలా! ఆడుకో పో. టెంపో వచ్చేలోపల లేచెయ్యల్ల."

గోడవారగా ఉన్న, అప్పట్లో తను ఆడిన కంప్యూటర్ మూలుగుతూ వెలిగింది.

నల్లకోట అంటే కత్తులు, మంత్రాలు, రాక్షసులు, ఎడారి అవతల ఒక కోట. ఆ రోజుల్లో సెంటర్‌లోని కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగతో కలిపేవాళ్ళు. అందరూ ఒకే ఎడారిలో తిరిగేవాళ్ళు.

ఆటలో లోపాలకు లెక్కలేదు. గుర్రాలు కడుపుదాకా నేలలో కూరుకుపోయి నడిచేవి. కాపలా భటుల తలలు గోడల్లోంచి బయటికొచ్చేవి. ఎడారిలో దాహం మరీ తొందరగా ముంచుకొచ్చేది. చచ్చినవాడు మళ్ళీ మొదటి ఊరి నుంచి నడుచుకుంటూ రావాల్సిందే.

అయినా ఒక గొప్ప గుణం ఉంది. ఆ ఆట ఏదీ మరిచిపోదు. దారిలో కత్తి పడేసి పోతే, ఎన్నాళ్ళకు వచ్చినా అక్కడే ఉంటుంది.

అన్నిటికన్నా వింత, ఎండిన బావి దగ్గరి ముసలాయన. ఆటలో అందరిదీ ఇంగ్లీషు. ఆయన మాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు.

"దప్పికైతాందా నాయనా? తాగు. చెంబు మళ్ళా తెచ్చియ్యి."

ఇదో లోపమని కుర్రాళ్ళు సరదాకి ఆయన్ను నరికేవాళ్ళు. గదంతా నవ్వులు. మర్నాడు చూస్తే మళ్ళీ బావి దగ్గరే, చెంబు పట్టుకుని.

హరినాథ్ నరకలేదు. దాహంతో పడిపోబోతూ ఆ నీళ్ళే తాగాడు. "తెచ్చిస్తా పెద్దాయనా" అని టైపు చేశాడు. కోట గెలిచాడు. ఆ సంబరంలో చెంబు సంచిలో మిగిలిపోయింది. ఆ వారమే నాయనకు పక్షవాతం వచ్చి, మగ్గం అతని మీద పడింది. మళ్ళీ ఇటు రాలేదు.

ఇప్పుడు తెర మీద అతని వీరుడు కోట వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. సంచిలో చెంబు.

వెనక్కి నడిపించాడు. కోట కింది ఊట దగ్గర ఆగాడు. ఇరుగుపొరుగు గిన్నె ఇస్తే అమ్మ ఏనాడూ ఉత్తిగా తిరిగి పంపలేదు, బెల్లంముక్కయినా వేసేది. చెంబు నిండా నీళ్ళు ముంచాడు.

ఎడారిలో దాహం మొదలైంది. వీరుడు తూలుతున్నాడు. చెంబు ముట్టలేదు.

బావి కనిపించింది. ముసలాయన అక్కడే ఉన్నాడు, తల వాల్చుకుని. మోకాళ్ళదాకా ఇసుక.

"పెద్దాయనా, చెంబు తెచ్చినా" అని టైపు చేశాడు.

ముసలాయన తల ఎత్తలేదు.

"టెంపో వచ్చె, లేయప్పా" అంటూ వచ్చిన జీవమ్మ తెర చూసి ఆగిపోయింది.

"ఈయప్ప... ఇంకా ఈడనే కూచోనుండాడా?"

"ఈయన నీకు తెలుసా అక్కా?"

ఆమె లోపలి గది పరదా పక్కకు లాగింది. ఖాళీ మంచం. దాని పక్కనే చిన్న బల్ల. బల్ల మీద దుమ్ములో కంప్యూటర్ అచ్చు. గోడలోంచి వేలాడుతున్న తెగిన తీగ.

"దాన్ని పొద్దున్నే తీసుకపోయిరి" అంది జీవమ్మ. "మీరు నరికినప్పుడల్లా మా దాసన్న మొదటూరి నుంచి మళ్ళా వస్తాండె. నాకు కోపమొస్తే నవ్వుతాండె. 'పిల్లోళ్ళ పుణ్యాన మళ్ళా నడుస్తాండా జీవమ్మా' అంటాండె."

హరినాథ్ ఆ ఖాళీ మంచం వైపు చూశాడు.

"మాకెందుకు చెప్పలేదక్కా?"

"వద్దనె. తెలిస్తే అయ్యో పాపమంటారు, దగ్గరికి రారు అనె. పానం పోయేముందు గూడా అదే అడిగె. చెంబు ఎవరన్నా తెచ్చిరా, అని."

హరినాథ్ మీట నొక్కి, నిండు చెంబు ముసలాయన ముందు పెట్టాడు.

తెర మీద ఇసుక కదిలింది. ముసలాయన తలెత్తి చెంబు అందుకున్నాడు.

నీళ్ళు తాగి, చెంబు బావిగట్టు మీద బోర్లించి, దాసన్న లేచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.