శ్రోతలారా, మీరేమంటారు?

సలహాలరాయుడు బట్టల అలమరలో తలదూర్చి, మీద దుప్పటి కప్పుకుని, ఫోన్‌లోకి మాట్లాడుతున్నాడు.

"శ్రోతలారా! భార్య అలిగితే భర్త ముందుగా చెయ్యాల్సింది మౌనం పాటించడం. మీరేమంటారు?"

"నేనా? ముందు వెళ్ళి అంట్లు తోమమంటాను!" అంది అలమర వెనకాల గోడ.

గోడంటే గోడ కాదు, పక్క వాటాలో కొత్తగా దిగినావిడ. మధ్యనున్న గోడ అగ్గిపెట్టె అట్టకంటే పల్చన మరి!

రాయుడికి ఒళ్ళు మండిపోయింది.

ఉన్న ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్నాక అతనికి ఈ పాడ్‌కాస్టు పిచ్చి పట్టుకుంది. పైసా ఖర్చు లేదు. పాత ఫోనే మైకు, అలమరే స్టూడియో. రికార్డు చేసేదీ, చప్పుళ్ళు తుడిచేదీ, లోకం మీదికి వదిలేదీ అన్నీ ఉచిత యాప్‌లే. పెట్టుబడల్లా నోరు. అది అతనికి పుట్టుకతోనే పుష్కలంగా ఉంది.

"నెలాఖరు దాకా చూస్తాను," అంది భార్య. "అప్పటికీ పైసా రాలకపోతే మా తమ్ముడి చెప్పుల కొట్లో చేరాల్సిందే."

"బామ్మర్ది కొట్లో, వచ్చినవాడల్లా కాలు చాపితే జోళ్ళు తొడగాలా నేను?"

"మరి ఇంట్లో అలమరలు తొడుక్కుంటున్నారుగా!"

అంతే, రాయుడు మొండికెత్తాడు. రోజుకో సలహా.

"అత్తాకోడళ్ళకి పడకపోతే మగవాడు ఎవరి పక్షం? మీరేమంటారు?"

"పక్షం తేలేలోపు పాలు పొంగిపోతాయి, ముందు స్టవ్ కట్టెయ్యమను!"

"పిల్లలు చదవకపోతే తండ్రేం చెయ్యాలి? మీరేమంటారు?"

"తను ఏపాటి చదివాడో గుర్తు తెచ్చుకోవాలి!"

రాయుడు పళ్ళు నూరుకుని, రికార్డయినదాన్ని చప్పుళ్ళు తుడిచే యాప్‌లో పడేసి, వెంటనే వదిలేసేవాడు. తన మాటలు తను మళ్ళీ వినే ఓపిక లేదు. ఫ్యాను రొదనే మింగేసిన యాప్‌కి ఆవిడొక లెక్కా అని ధీమా.

వింతేమిటంటే, వినేవాళ్ళు పెరిగారు. మొదట పదిమంది, తర్వాత వందలు. ఆ తర్వాత రాయుడు లెక్కపెట్టడం మానేసి కాలరు ఎగరేయడం మొదలుపెట్టాడు.

"చూశావా నా గొంతు మహిమ!"

"ఏమో, లోకంలో ఎంత ఖాళీగా ఉన్నారో జనం," అంది భార్య.

ఒకరోజు పరుపుల కొట్టు యజమాని ఫోన్ చేశాడు.

"మీ కార్యక్రమం విని మా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వుతున్నామండీ! మా ప్రకటన మీకే ఇస్తాం. ఆదివారం వచ్చి ఒప్పందం రాసుకుంటాను."

నవ్వుతున్నామన్న మాట రాయుడి చెవికెక్కలేదు. ఒప్పందం అన్న మాట మాత్రం గుండెదాకా వెళ్ళింది. ఇక చెప్పుల కొట్టు బెడద లేదు!

కానీ ఆయనొచ్చిన వేళ గోడ నోరు విప్పిందంటే పరువు మంటగలిసిపోదూ?

తిన్నగా ఇంటాయన దగ్గరికి వెళ్ళాడు.

"ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

పాత అద్దెదారు మాట. ఇంటాయన ఆవిణ్ణి ఖాళీ చెయ్యమన్నాడు.

శనివారం సామాను దిగుతుంటే ఆవిడ మెట్లమీద ఎదురుపడింది. ఆ గొంతుకి ఈ మనిషా అనిపించింది. బక్కపల్చని పెద్దావిడ, చేతిలో చిన్న టేబుల్ ఫ్యాను.

"అది మీరేనా బాబూ?" అంది నవ్వుతూ.

"నేనే. నేను శ్రోతల్ని అడిగితే మధ్యలో మీకెందుకండీ?"

ఆవిడ తెల్లబోయింది.

"అయ్యో, నన్ను కాదా? 'మీరేమంటారు' అన్నారుగా నాయనా. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ ఆ మాట అడిగిన పాపాన పోలేదు. ఇంత మర్యాదగా అడుగుతుంటే చెప్పకపోతే ఏం బావుంటుందని..."

రాయుడి మనసు చివుక్కుమంది. ఏదో అనాలనుకున్నాడు. ఈలోగా ఆవిడ బండెక్కి వెళ్ళిపోయింది. ఏ వీధికో, ఏ ఇంటికో ఇంటాయనక్కూడా తెలీదు.

ఆదివారం పరుపుల యజమాని కాగితాలతో సహా దిగాడు.

"రండి, రండి! ఇదే మన స్టూడియో!" రాయుడు అలమర తలుపులు బార్లా తెరిచాడు.

యజమాని తొంగిచూశాడు. వంటింటి వైపు చూశాడు. తలుపు వెనక కూడా చూశాడు.

"ఆవిడేరండీ?"

"ఎవరావిడ?"

"భలేవారే! కార్యక్రమం నడిపే పెద్దావిడ. మా అమ్మయితే ఆవిడకి దణ్ణం పెట్టి రమ్మంది. ప్రకటన ఆవిడ నోటే చెప్పించాలి, అదొక్కటే మా షరతు."

రాయుడు అలమర తలుపు మెల్లగా మూశాడు.

"నడిపేది... నేనండీ."

ఆ గొంతు ఎక్కడ విన్నాడో యజమానికి అప్పటికి తట్టింది.

"ఓహో! పాపం, ఆవిడని చెప్పుకోనివ్వకుండా మాటమాటకీ అడ్డొచ్చేది మీరేనన్నమాట!"