తెల్వదన్న మాట

"ఓ పెద్దాయనా, చూసి నడువు! జారుతది!"

శ్రీహరి అరిచేలోపే ఆ మనిషి బురదలో కాలు వేసి జారి పడనే పడ్డాడు.

తాండూరు బండల పాలిషింగ్ యూనిట్లలో నేలంతా అంతే. బండ అరిగిన పొడీ నీళ్లూ కలిసి ఒకటే రొచ్చు. శ్రీహరి మిషన్ ఆపి ఉరికాడు. రెక్క పట్టి లేపి, పంపు దగ్గర కూర్చోబెట్టాడు.

"దెబ్బ తాకిందా?"

"లేదు కొడుకా. బండలు చూద్దామని వచ్చిన. నీ పేరేంది?"

"శ్రీహరి."

చొక్కాకు అంటిన బురద కడుక్కుంటున్న పెద్దాయన ఆ పని మరిచిపోయి, అతని ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత బండల రంగు అడగలేదు, ధర అడగలేదు.

"అమ్మ నాయిన ఉన్నరా?"

"ఎవ్వరు లేరు."

"మరి అన్నం ఎవరు వండుతరు?"

"నేనే వండుకుంట."

మధ్యాహ్నం గంట కొట్టారు. పెద్దాయన సంచిలోంచి డబ్బా తీశాడు. జొన్నరొట్టె, కందిపప్పు.

"రా, కూసో. ఒక్కణ్ని తింటే నాకు సయించదు."

ఇంటి వంట తిని శ్రీహరికి చాలా కాలమైంది. అయినా మనసు తిండి మీద లేదు.

వారం నుంచి ధనరాజ్ ఫోన్ స్విచాఫ్.

"ఇయ్యాల ఇంట్ల చెప్తున్న. నువ్వు లేకుంటే నాకు నడవదని చెప్తున్న" అన్నాడు. అదే ఆఖరి మాట.

రెండేళ్ల ప్రేమ. ఇద్దరు మగవాళ్ల ప్రేమ. వికారాబాద్‌లో అనంతగిరి గుట్ట మీద, మనుషులు లేనిచోట తప్ప చేయి పట్టుకుని నడిచింది లేదు. "మా మామకు తెలిస్తే కాళ్లు విరగ్గొడ్తడు" అని ధనరాజ్ ఎన్నోసార్లు అన్నాడు.

"వికారాబాద్ల ధనరాజ్ అని, నీకు దోస్తు ఉన్నడా కొడుకా?"

శ్రీహరి తుంచిన రొట్టె ముక్కను తిరిగి డబ్బాలో పెట్టేశాడు.

మామే!

పక్కనే మేస్త్రీ బిచ్చయ్య, తోటి పనివాళ్లూ తింటున్నారు. అందరూ తలెత్తారు. పోయినేడు పక్క యూనిట్‌లో ఒక పిల్లగాడి మీద ఇలాంటి మాటే పుట్టింది. మర్నాటికి పని పోయింది, అద్దెకున్న గది పోయింది. వాడు ఎటు పోయాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

"నాకు తెల్వదు."

"జర యాది చేసుకో. ఫికర్ చెయ్యకు."

"తెల్వదంటున్న గద! గా పేరుగల్లోళ్లు నాకెవ్వరు లేరు!"

పెద్దాయన మిగిలిన రొట్టెలన్నీ డబ్బా మూతలో పెట్టి శ్రీహరి ముందుకు జరిపాడు.

"మంచిది. కడుపు నిండ తిను. చేతులు మస్తు పలిగినయ్, కొబ్బరినూనె రాసుకో."

గోడ పట్టుకుని, జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ గేటు దాటాడు.

"ఎవడ్రా?" అన్నాడు బిచ్చయ్య.

"ఎవరో పిచ్చోడు" అన్నాడు శ్రీహరి.

కొద్ది రోజులకు, పని దిగే వేళ, కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"నేనే."

ధనరాజ్ గొంతు. వెనక రైలు చప్పుడు.

"యాడున్నవ్ ధనూ? ఎంత పరేషాన్ అయిన్నో తెలుసా?"

"పుణె పోతున్న. ఆడ పని దొర్కింది."

"తాండూరుల దిగు! నేను స్టేషన్‌కు ఉరికొస్త!"

"తాండూరు దాటినంకనే చేస్తున్న."

శ్రీహరి తడి చేతులతోనే ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఒక్కటే అడుగుదామని చేసిన శ్రీహరీ. నన్ను తెల్వదన్నవంట?"

"భయమైందిరా! మీ మామ వచ్చి అందరి ముందట అడిగిండు. ఏం చెప్పమంటవ్?"



"మామ కాదు" అన్నాడు ధనరాజ్. "వారం దినాలు నా మొకం చూడకుండ ఉండి, ఆ పొద్దు తెల్లారంగనే లేసి, 'రాత్రికి ఇంకో కొడుకు వస్తడు, బియ్యం జర ఎక్కువ పొయ్యి' అని అమ్మకు చెప్పి, నిన్ను ఇంటికి తోలుకపోనీకి వచ్చింది... మా నాయిన."