పక్కింటికెళ్లిన పెట్టె

కొలంబో విమానానికి ఇంకా రెండు గంటలే ఉన్నాయి. ప్రయాణ అనుమతులిచ్చే ఇంటి గోడ మాత్రం మూడోసారి అదే మాట చెప్పింది: "ప్రయాణ అనుమతికి మీకు అర్హత లేదు. మీ పెట్టె మూడు రోజులు పరాయి ఇంట్లో ఉంది."

హేమలత గడియారం చూసుకుంది. ఇరవై ఏళ్లు జిల్లా పోటీల్లో ఈల ఊదాక, ఇప్పటికి ఒక విదేశీ కబడ్డీ ఫైనల్‌కు రిఫరీగా పిలుపొచ్చింది. సర్దిన పెట్టె ఇంట్లో వదిలి శిక్షణ శిబిరానికి వెళ్లి, ఈ పొద్దున్నే తిరిగొచ్చింది.

"పెట్టె మోసినవారి పేరు ప్రయాణికురాలే పైకి చెప్పాలి," అంది గోడ. "నిజమైతే అనుమతి వస్తుంది. అబద్ధమైతే జన్మలో రాదు."

ఈ రోజు గురువారం, దక్షిణ దిక్కుకు వారశూల; అటు బయల్దేరకూడదంటారు. అందుకే సోమవారం మంచి ఘడియలో ఎవరో పెట్టెను పక్కింట్లో పెట్టి, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు చేశారు. ఆమె అనుమానంగా అత్తగారి వైపు చూసింది.

"నా మోకాళ్లు నన్నే మొయ్యట్లేదు. ఇరవై కేజీల పెట్టి నానేటి మోస్తానే?" అంది సూరమ్మ.

భర్త దగ్గరికొచ్చి చెవిలో గొణిగాడు. "అమ్మ పేరు చెప్పెయ్. గుమ్మంలో మా సంఘం వాళ్లున్నారు."

వీడ్కోలు చెప్పడానికి దండలతో వచ్చిన పన్నెండు మందీ చెవులు రిక్కించారు. హేమలత స్టేడియం చివరికీ వినిపించే గొంతుతో చెప్పింది.

"మా ఆయన. హేతువాద సంఘం అధ్యక్షుడు, గొర్లె సన్యాసిరావు."