నలభై ఎనిమిది గంటల మోచేయి

“నలభై ఎనిమిది గంటలా? ఆపరేషన్‌కి కూడా ఇంతసేపు ఆపరు,” అన్నారు మా ఆయన. ఆ సాయంత్రం ఈ మాట అనడం అప్పటికి మూడోసారి.

“చీటీలో అలాగే రాశారు,” అన్నాను. నాదీ మూడోసారే.

మా ఇద్దరి మధ్యా బల్ల మీద జుట్టు రంగు డబ్బా, ముందు ఒంటి మీద ఒక చుక్క అద్ది రెండు రోజులు చూడమనే దాని చీటీ. సోమవారం పొద్దున్న ఆయన ఆఫీసులో, ఉద్యోగంలో పాతికేళ్లు నిండినవాళ్లని భార్యాభర్తలుగా నిలబెట్టి ఫొటో తీస్తారు. దాన్ని మెట్ల పక్క గోడకి తగిలిస్తారు. ఇక ఆ గోడ ఉన్నన్నాళ్లూ అక్కడే.

“తెల్ల జుట్టుతో వేలాడాలా గోడ మీద?” ఇది ఆయన బాధ.

“వాచిన మొహంతో వేలాడితే బావుంటుందా?” ఇది నా భయం.

భయానికి కారణం లేకపోలేదు. పోయిన ఏడాది మా బావగారు ఇలాంటి రంగే నేరుగా తలకి పట్టించేశారు. తెల్లారేసరికి మాకు ఆయన కళ్లు కనపడలేదు, ఆయనకి మేం కనపడలేదు. ఆసుపత్రిలో మూడు రోజులు. కన్న కొడుకునే గుర్తుపట్టలేకపోయానని అత్తయ్య ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలే నాకు జాగ్రత్త ఎక్కువని ఇంట్లో వెక్కిరింత. నీళ్లలో నా వేలు ముంచి చూడందే ఎవరినీ స్నానానికి వెళ్లనివ్వను. పాలు విరిగాయో లేదో నా నాలుకే చెప్పాలి. మా అమ్మాయి కొత్త చెప్పులు కరుస్తాయేమోనని వారం రోజులు నేనే తొడుక్కు తిరిగాను. అత్తయ్య దగ్గుమందులో మొదటి చెంచా నాది, దగ్గు లేకపోయినా.

“శుక్రవారం సాయంత్రం ఆరు. ఆదివారం ఆరుకి చూద్దాం,” అని తీర్పు చెప్పి చేయి చాపాను. అమ్మాయి ఒక చుక్క రంగు కలిపి, దూదిపుల్లతో మోచేతి మడతలో అద్దింది. తడవకూడదు. రుద్దకూడదు.

ఆ రెండు రోజులూ నా వైభవం చూసి తీరాలి. చేతిని పసిపాపలా మోశాను. పడుకుంటే దానికి వేరే దిండు. కూరల కొట్టులో సంచీ రెండో చేత్తో అందుకుని, అతను అడక్కపోయినా కారణం చెప్పాను. పక్కింటావిడనైతే గేటు దగ్గర పావుగంట నిలబెట్టాను.

“ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా ఉంటుందండీ. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. పరీక్ష చేయకుండా వేసుకుంటే అంతే సంగతులు,” అన్నాను. ఆవిడ నన్ను డాక్టరులా చూసింది. నేనూ అలాగే చూశాను, నన్ను నేను.

గిన్నెలు మా ఆయన తోమారు.

“చుక్క రంగుకి నాలుగు పూటల గిన్నెలా?”

“చీటీలో ఉందండీ.”

“గిన్నెలు నన్ను తోమమని కూడా ఉందా?”

శనివారం మధ్యాహ్నం దురద మొదలైంది. ఇంటిల్లిపాదీ నా చుట్టూ చేరారు. అమ్మాయి ఫోన్ లైటు వేసింది. అత్తయ్య కళ్లజోడు తెచ్చుకున్నారు. మా ఆయన మొహం వాడిపోయింది. “అయిపోయింది, ఫొటో సంగతి మరిచిపోండి,” అన్నారు.

చూస్తే దోమకాటు. అదీ రెండో చేతికి.

ఆదివారం ఆరయింది. మచ్చ కడిగాం. ఎరుపు లేదు, దద్దురు లేదు.

“పాసయ్యావే కోడలా,” అన్నారు అత్తయ్య. ఏ పరీక్షలోనూ నాకు ఇంత మంచి ఫలితం రాలేదు. చేయి ఎత్తి అందరికీ ఇంకోసారి చూపించాను.

కుర్చీ వేశాం. పాత తువ్వాలు తెచ్చాం. అమ్మాయి గిన్నెలో రంగు కలిపి, ఎంతసేపు ఉంచాలో చూద్దామని చీటీ విప్పింది. పైనుంచి చదువుతూ మొదటి వాక్యం దగ్గర ఆగిపోయింది. కుర్చీ వైపు చూసింది. నా మోచేయి వైపు చూసింది. చీటీ నాకిచ్చింది.

చదివాను. పక్కింటావిడకి కంఠతా అప్పజెప్పిన చీటీయే అది. అయినా మళ్లీ చదివాను.

గిన్నె మీద మూత పెట్టాను.

“రేపు ఫొటోకి తెల్ల జుట్టుతోనే వెళ్తున్నాం,” అన్నాను మెల్లగా, అందరికీ వినపడేలా.

అమ్మాయికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

“అదేంటే, నీ చేయి బ్రహ్మాండంగా ఉందిగా?” అన్నారు మా ఆయన.

“నా చేయి బ్రహ్మాండంగానే ఉందండీ, రంగు వెయ్యాల్సింది మీ తలకి.”